పిన్ని ఎడమ చెంప

మా పిన్ని ముఖానికి నడుమ ఒక సరిహద్దు ఉండేది. నుదుటి మీద బయలుదేరి, ముక్కు దూలం మీదుగా దిగి, గడ్డం దగ్గర ఆగేది. దానికి కుడివైపు చామనఛాయ, ఎడమవైపు మాడిన పెనం. స్కేలు పెట్టి గీసినట్టుండే ఆ గీతను గీసింది ఎండ. పిన్ని డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్లు కుడిపక్క స్టీరింగ్ పట్టుకుని బిక్కచచ్చి కూర్చుంటే, పిన్ని ఎడమపక్క కిటికీ దగ్గర కూర్చుని, తన కాలి కింద అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఊళ్లోవాళ్ల ప్రాణాలు కాపాడుతుంది. ఏళ్ల తరబడి అదే సీటు, అదే కిటికీ, ఎండకు అదే చెంప.

దాని గురించి పిన్ని ఎప్పుడూ దిగులు పడలేదు. నిజానికి అద్దం చూసుకునే తీరికే ఆమెకు ఉండేది కాదు. కారులో ఉన్న అద్దాలన్నీ వెనక వచ్చే లారీల కోసమే. బాబాయి మాత్రం అప్పుడప్పుడు "నాకు ఇద్దరు పెళ్లాలు, ఇంటికొచ్చేది మాత్రం ఒక్క జీతమే" అని వేళాకోళం ఆడేవాడు. బాబాయి లిఫ్టు మెకానిక్. పగలంతా లిఫ్టు గుంతల్లో, చీకటి గదుల్లో పనిచేసే ఆయన ముఖం ఒకే రంగులో నిగనిగలాడేది. దేవుడికి న్యాయం తెలియదని ఆ ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే చాలు, ఎవరికైనా అర్థమైపోతుంది. నేను వాళ్లింట్లోనే ఉండి ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను కాబట్టి రోజూ చూసేదాన్ని.

గొడవంతా బోర్డుతో మొదలైంది. డ్రైవింగ్ స్కూలు పాత బోర్డు మీద ఒక స్టీరింగ్ బొమ్మ ఉండేది. దూరం నుంచి చూస్తే సైకిల్ రిపేరు షాపు అనుకుని జనం పంక్చర్లకు వచ్చేవాళ్లు. కొత్త బోర్డు పెడదామన్నాడు యజమాని. ఆయన్ని అందరూ న్యూట్రల్ గారు అంటారు, ఏ విషయంలోనూ ఏ గేరూ వేయడు కాబట్టి. ఆయన అభిప్రాయం ఎప్పుడూ చివరగా మాట్లాడినవాళ్ల అభిప్రాయమే. ఆ రోజు చివరగా మాట్లాడింది గుమాస్తా. "బోర్డు మీద మన మేడం ఫోటో వేస్తే ఆడవాళ్లు ధైర్యంగా వస్తారండీ" అన్నాడు. "అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు న్యూట్రల్ గారు.

పిన్ని ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె గొంతు నేను ఎప్పుడూ విననట్టుగా ఉంది. ఆ స్కూలు తెరిచిన రోజు నుంచీ ఆమె అక్కడే ఉంది. సగం ఊరు ఆమె దగ్గరే నేర్చుకుంది. అయినా వాళ్లలో ఒక్కరికీ రోడ్డు మీద ఆమెను పలకరించాలని తోచదు, ఎందుకంటే నేర్చుకున్నన్నాళ్లూ రోడ్డునే చూడమని ఆమే కసిరింది. ఒక్కసారైనా తనను పెద్దగా, ఎత్తున, అందరూ చూడాలని ఆమెకు కోరిక పుట్టింది. అందులో తప్పేముంది? నాకు మాత్రం ముచ్చటేసింది.

ఫోటో తీయడానికి నన్నే పిలిచారు. తీశాను. న్యూట్రల్ గారు తెర మీద చూసి నీళ్లు నమిలాడు.

"నేనేమీ అనడం లేదమ్మా. కానీ... రెండు ఫోటోలు అతికించినట్టు లేదూ? బోర్డు ఎక్కించడానికి ఇంకా టైముందిలే. ఈలోపు కాస్త ఒక రంగుకు వస్తే సరే. లేదంటే ఆ అమ్మాయి ఉండనే ఉంది."

ఆ అమ్మాయి అంటే కంప్యూటర్లో దొరికే బొమ్మ. కారు తాళాలు చెవి పక్కన ఆడిస్తూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. క్లచ్చు ఎడమ కాలిదో కుడి కాలిదో ఆ పిల్లకు తెలిస్తే నా చెవి కోసిస్తాను.

"పిన్నీ, కంప్యూటర్లో నిమిషంలో రెండు వైపులా ఒకటి చేసేస్తా" అన్నాను.

"వద్దు. రేపు బోర్డు చూసి వచ్చినవాళ్లు నన్ను చూసి, ఆవిడేరీ అని అడుగుతారు. నేనే మారతా."

"తెల్లబడతావా?"

"తెలుపెవరికి కావాలే? నాకు జత కావాలి. చెప్పులు కొన్నా జతగానే కొంటాం కదా."

అలా మా ఇంట్లోకి నూనెలు వచ్చాయి. మొదట బాదం నూనె. అది పక్కింటావిడ సలహా. ఆ తర్వాత క్యారెట్ గింజల నూనె, అది కారు నేర్చుకుంటున్న ఒక కాలేజీ పిల్ల సలహా. ఆ తర్వాత గులాబీ గింజల నూనె, అది ఫోనులో ఎవరో సన్నటి గొంతుతో ఇచ్చిన సలహా. ప్రకృతి సహజం, ప్రకృతి సహజం అని ఆ సన్నటి గొంతు ఒకటే పోరు. ఎండ కూడా ప్రకృతి సహజమే కదా అని నేనంటే పిన్ని వినిపించుకోలేదు. తెల్లారి లేచి ఎడమ చెంపకు మాత్రమే నూనె పట్టించి, కుడి చెంపను గాలికి వదిలేసి, స్కూలుకు బయలుదేరేది. జబ్బు ఒక పక్కనుంటే రెండో పక్కకు మందెందుకని ఆమె వాదన.

నూనె రాసిన చెంపను తీసుకెళ్లి ఎండలో పెడితే ఏమవుతుందో వంటింట్లో నిలబడ్డ ఎవరికైనా తెలుసు. పిన్నికీ తెలుసు, కానీ ముఖం దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయింది. పైగా కిటికీలోంచి వచ్చే దుమ్మంతా వచ్చి ఆ నూనెకు అతుక్కునేది. సాయంత్రానికి ఎడమ చెంప మీద రోడ్డు మొత్తం ఉండేది. ఒక రోజు చెమటా నూనే కలిసి కంట్లోకి దిగాయి. కళ్లు మూసుకునే బ్రేకు తొక్కింది. కారు నడిరోడ్డు మీద ఠక్కున ఆగింది. ఆ రోజు స్టీరింగ్ ముందున్నది నర్సమ్మ. ఆమె తన తప్పేమో అనుకుని దారిన పోయేవాళ్లందరికీ సారీ చెప్పింది.

నర్సమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి అలిసిపోయిన మనిషి. ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లకు కట్లు కట్టే పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆ ఉద్యోగానికి కారు నడపడం రావాలి. లైసెన్సు వస్తే ఆ పని ఆమెది, రాకపోతే ఇంకొకరిది. అందుకని పిన్ని చెప్పే ప్రతి మాటనూ మందుచీటీలా పాటించేది.

నూనెల కథ బాబాయి చేతుల్లో ముగిసింది. ఒక సెలవు రోజు ఆయన చీకట్లో లేచి, లైటు వేయకుండా, అలవాటు ప్రకారం తడుముకుంటూ ఆమ్లెట్ వేసుకున్నాడు. తింటూ "ఈ పూట ఆమ్లెట్ ఏంటో వాసన సబ్బులా ఉంది" అన్నాడు. పిన్ని పరుగెత్తుకొచ్చి పొయ్యి పక్కన పెట్టిన గులాబీ గింజల నూనె సీసా చూసుకుంది. అడుగంటింది.

"కడుపులోకి పోయిందిగా, లోపలైనా మెరుస్తావులే" అంది పిన్ని. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడు నేనే ఆమెను మందుల షాపుకు లాక్కెళ్లాను. కౌంటర్లో ఉండే ఆవిడ పిన్ని ముఖాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"నూనెలు చర్మం ఎండిపోకుండా చూస్తాయండీ, అంతే. ఎండను ఆపవు. సన్‌స్క్రీన్ రాసుకోవాలి, ముఖమంతా, మెడకు కూడా. మళ్లీ మళ్లీ రాయాలి, ఒకసారి రాసి ఊరుకుంటే కాదు."

"ఎండ ఎక్కువైతే కారు అద్దం ఎక్కించుకుంటానండీ."

"అద్దంలోంచి కూడా కొంత వస్తుందండీ."

ఇన్నేళ్లూ అద్దం తనవైపే ఉందనుకున్న పిన్ని ఆ మాటకు బాగా నొచ్చుకుంది.

మొదటి సన్‌స్క్రీన్ ట్యూబుతో పిన్ని సున్నం కొట్టిన గోడలా తయారైంది. ఇంట్లోంచి బయటికి రాగానే మేడ మీది పసివాడు ఏడుపు లంకించుకున్నాడు. రెండోది జిగురు. మూడోది బాగానే ఉంది, రాసినట్టు కూడా తెలియదు. కానీ మళ్లీ మళ్లీ రాయాలన్న నియమం కారులో కుదరలేదు. నేర్చుకునేవాడు మలుపు తిప్పుతున్నప్పుడే ఆమెకు గుర్తొచ్చేది. చేతికి క్రీమ్ వేసుకున్న మరుక్షణం వాడు లారీ మీదికి పోయేవాడు. పిన్ని ఆ చేత్తోనే స్టీరింగ్ లాగేది. స్టీరింగ్ మీద, గేరు మీద, నేర్చుకునేవాళ్ల మోచేతుల మీద తెల్లటి వేలిముద్రలు. గేరు రాడ్డు ఏనాడూ ఎండకు కమిలి ఉండదు, దానికి పడినంత క్రీమ్ పిన్ని చెంపకు పడలేదు.

బోర్డు ఎక్కించే రోజు దగ్గర పడుతోంది. న్యూట్రల్ గారి టేబులు మీద ఆ తాళాల అమ్మాయి బొమ్మ అచ్చు వేయించి పెట్టి ఉందట. పిన్ని అది చూసి వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినలేదు. పళ్లెం ముందు కూర్చుని వేలితో గీతలు గీస్తూ ఉంది. అవి వీధులని నాకు కాసేపటికి అర్థమైంది.

"ఎండను ఆపలేనప్పుడు ఎండకు దొరక్కుండా తిరగాలే" అంది.

ఆమె పన్నాగం ఇది. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు. కారు ఉత్తరానికి పోతే ఆమె చెంప పడమటి వైపు, నీడలో. ఎండంతా నేర్చుకునేవాళ్ల మీద. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తు భవనాలున్న వీధిలోంచి వస్తే అక్కడసలు ఎండే ఉండదు. సాయంత్రం దక్షిణానికి పోయి, అటు పక్కనున్న నీడ వీధిలోంచి రావాలి. ఫోటోలు తీసే నేను వెలుతురు గురించి ఇంత ఆలోచించలేదు.

అది పనిచేసింది. ఒట్టు పెట్టి చెబుతున్నాను, పనిచేసింది. మెల్లమెల్లగా సరిహద్దు చెదరడం మొదలైంది. ముక్కు మీద గీత మసకబారింది. కుడి చెంపకు కాస్త ఎండ తగిలి అది రంగులో ఒక మెట్టు కిందికి దిగింది, ఎడమ చెంప నీడపట్టున కోలుకుని కాస్త పైకి వచ్చింది. బాబాయి ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి చూసి "ఇక ఒక్కతే మిగిలేట్టుంది" అని నిట్టూర్చాడు. పిన్ని ఆ రోజు కూనిరాగం తీసింది. ఆమెకు పాట వస్తుందని మాకెవరికీ తెలియదు.

ఒక్కటే చిక్కు. ఆ రెండు దారుల్లోనూ మలుపులన్నీ కుడివైపే. కుడికి, మళ్లీ కుడికి, మళ్లీ కుడికి. ఆ విడత నేర్చుకున్నవాళ్లు ఎవ్వరూ ఒక్కసారి కూడా కారును ఎడమకు తిప్పలేదు. వాళ్లకు ఆ సంగతి తెలియదు. పిన్నికి కూడా తెలియదంటే మీరు నమ్మరు గానీ, నిజంగా ఆమెకు తోచలేదు. ఆమె చూసుకున్నది నీడ ఒక్కటే.

పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారి మీద కారు నడపాలి. దాన్ని మైదానంలో నేర్పుతారు. మైదానంలో నీడ ఉండదు. అందుకని పిన్ని దాన్ని వాయిదా మీద వాయిదా వేసి, చివరికి కారును నీడలో ఆపి, డాష్‌బోర్డు దుమ్ము మీద వేలితో గీసి చూపించింది.

"ఎనిమిదంటే భయపడకండి. రెండు సున్నాలు, అంతే. ఒకటి తిరిగాక ఇంకొకటి."

పరీక్ష రోజు నేనూ వెళ్లాను, బోర్డుకు పనికొచ్చే ఫోటో దొరుకుతుందేమోనని. మొదట వెళ్లింది నర్సమ్మ. మైదానంలో అడుగు పెట్టే ముందు కారుకు దండం పెట్టినంత పని చేసింది. చక్కగా బయలుదేరింది. మొదటి సున్నా దివ్యంగా తిరిగింది, గీత తొక్కకుండా. మధ్యకు వచ్చింది. అక్కడ ఎడమకు తిప్పాలి. నర్సమ్మ ఒక్క క్షణం తటపటాయించి, పిన్ని చెప్పింది గుర్తు చేసుకుని, మళ్లీ కుడికే తిప్పి అదే సున్నా ఇంకోసారి తిరిగి వచ్చింది. రెండు సున్నాలు. చెప్పినట్టే.

పరీక్ష అధికారి తన కాగితం మీద ఇంటూ కొట్టాడు. తర్వాత వెళ్లిన కాలేజీ పిల్లా అంతే. ఆ తర్వాతి ఆయనా అంతే. ఒకరి తర్వాత ఒకరు, ఎంతో నమ్మకంగా, ఒకే సున్నాను అరగదీసి వచ్చారు. చివరికి ఆ అధికారి టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఎవరండీ నేర్పింది వీళ్లకి? ఎడమవైపంటే ఏమన్నా పగా?"

నాకు నవ్వాగలేదు. చెట్టు చాటుకు పోయి నోరు నొక్కుకున్నాను. ఇటు తిరిగేసరికి నర్సమ్మ పిన్ని ముందు నిలబడి ఉంది. కోపంగా లేదు. అదే పెద్ద బాధ.

"మేడం, నేనేం తప్పు చేశాను? మీరు చెప్పినట్టే చేశానే. రెండు సున్నాలే తిరిగాను."

మందుచీటీ రాసింది పిన్నే. ఆ మనిషి ఉద్యోగం తన చెంప కోసం పోబోతోందని అప్పుడు ఆమెకు తగిలింది. "మీ తప్పు కాదమ్మా, నాది" అంది, అని అక్కడే మైదానం మధ్యన, ఎర్రటి ఎండలో, కొంగు కూడా కప్పుకోకుండా ఏడ్చింది. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. నాకూ ఏడుపొచ్చింది.

"ఆ ఉద్యోగం ఎప్పటి వరకు ఆగుతుంది?" అని పిన్ని కళ్లు తుడుచుకుంటూ అడిగింది. నర్సమ్మ గడువు చెప్పింది. మళ్లీ పరీక్ష ఎప్పుడుందో కనుక్కుంటే, ఆ గడువుకు కాస్త ముందే పడింది.

మర్నాటి నుంచి పిన్ని అందరినీ మైదానానికి తోలింది. మిట్టమధ్యాహ్నం కూడా. ఎడమకు, మళ్లీ ఎడమకు, మళ్లీ ఎడమకు. సూర్యుడు ఎటున్నాడో చూడటం మానేసింది. సన్‌స్క్రీన్ మానలేదు, అది మంచిదే కదా. కానీ దాన్ని ఇప్పుడు ఇంట్లోనే ముఖమంతా, మెడంతా తీరిగ్గా పట్టించుకునేది. కారు ఆపినప్పుడు, ఇంజిను కట్టేశాక, చెట్టు కింద నిలబడి మళ్లీ రాసుకునేది. కారు నడుస్తున్నంతసేపూ ఆమె చేతులు స్టీరింగ్‌కు దగ్గరగా, కాలు బ్రేకు మీద ఉండేవి. అయినా అంత ఎండను ఏ క్రీమ్ మాత్రం పూర్తిగా ఆపగలదు? సరిహద్దు తిరిగి వచ్చింది. ముక్కు మీది గీత మునుపటికంటే తేటగా పడింది.

నర్సమ్మ రెండోసారి ఎనిమిది తిరిగినప్పుడు, మధ్యకు వచ్చి ఎడమకు తిప్పిన ఆ క్షణంలో, పిన్ని కాలు నేల మీద బ్రేకు కోసం వెతకడం నేను చూశాను. బ్రేకు అవసరం రాలేదు. అందరూ గట్టెక్కారు.

ఆ సాయంత్రం న్యూట్రల్ గారి గదికి పిన్ని, నేను వెళ్లాం. తాళాల అమ్మాయి టేబులు మీద నవ్వుతోంది. గుమాస్తా మాట్లాడాడు, ఈసారి ఆ అమ్మాయి తరఫున. "సున్నాల సంగతి ఊరంతా తెలిసిపోయింది సార్, మేడం ముఖం వద్దేమో" అన్నాడు. న్యూట్రల్ గారు తలూపాడు. ఆయన తల ఎటు ఊపుతాడో పిన్నికి తెలుసు. గుమాస్తా మాట అయ్యేదాకా ఓపిగ్గా ఆగింది.

"ఇంకేమన్నా ఉందా?" అని గుమాస్తాను అడిగింది. లేదన్నాడు.

"నా ముఖం రెండు రంగులుగానే ఉంటుందండీ. మీ బండిలో కూర్చుని వచ్చిన రంగది. ఆ ఎండను తప్పించుకుంటే ఏమైందో మొన్న మైదానంలో తేలింది కదా. వేస్తే ఈ ముఖమే వేయండి, ఎడమ చెంప ముందుకు పెట్టి. లేదంటే ఆ అమ్మాయినే వేయండి, కానీ రేపు పొద్దున ఆరింటికి బ్రేకు మీద కాలు పెట్టడానికి కూడా ఆ అమ్మాయినే పిలవండి."

అని, ఇంకెవరూ మాట్లాడకముందే గుమాస్తాను రెక్క పట్టుకుని, నన్నూ రమ్మని సైగ చేసి, బయటికి తీసుకొచ్చి, గది తలుపు దగ్గరగా వేసింది. లోపల న్యూట్రల్ గారు ఒక్కడే మిగిలాడు. చివరగా మాట్లాడింది పిన్ని. ఇక ఆయనకు వేరే దారి లేదు.

ఫోటో నేనే తీశాను, పేవ్‌మెంట్ మీద నిలబడి, ఎడమ కిటికీ ముందు మూల నుంచి. ఎడమ చెంప నిండుగా, కుడి చెంప కొద్దిగా, మధ్యన గీత. చూపు రోడ్డు మీద. నవ్వమని నేను అడగలేదు, ఆమె నవ్వలేదు. బోర్డు ఎక్కింది. జనం ఆగి చూశారు. కొందరు "ఈవిడే కదా నాకు నేర్పింది" అని పక్కవాళ్లకు చూపించారు. నర్సమ్మ తన కొత్త ఉద్యోగం తాలూకు తెల్ల కారులో అటు పోయేటప్పుడల్లా హారన్ కొట్టి, ఎడమకు తిరిగి వెళ్లేది. ఆ వీధిలో ఆమెకు పనేమీ ఉండేది కాదు.

రెండు వేసవులు గడిచాయి. బోర్డు పడమటి వైపుకు ఉంది. సాయంత్రపు ఎండంతా దాని మీదే. ఒక రోజు స్టూడియో నుంచి వస్తూ చూసి ఆగిపోయాను. ఎండకు బోర్డు వెలిసిపోయింది. పిన్ని చెంపలు రెండూ పాలిపోయి ఒకటే రంగయ్యాయి. ముక్కు మీద గీత లేదు. ఏ బాదం నూనే, ఏ గులాబీ గింజా చేయలేని పనిని అదే ఎండ ఊరికే చేసిపెట్టింది. నేను పకపకా నవ్వి, వెళ్లి పిన్నిని కారులోంచి దించి తీసుకొచ్చాను.

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చాలాసేపు చూసింది. పొద్దువాలిన ఎండ ఆమె చెంప మీద పడుతోంది.

"ఇదెవరే?" అంది.

"నువ్వే పిన్నీ. జత కుదిరింది, చూడు."

"తీసెయ్యమను" అంది పిన్ని, కారు వైపు నడుస్తూ. "రేపు మధ్యాహ్నం ఎడమ మలుపుల క్లాసుంది. కెమెరా పట్టుకురా."